అరచేతిలోని అమానతు

తెలుగున 'ఉంచుట' యనునది ఒక మాట, 'పెంచుట' యనునది వేరొక మాట. నగను బీరువాలో ఉంచుదుము. బిడ్డను ఇంటిలో పెంచుదుము. ఈ రెంటికి నడుమ నున్న భేదమును పసివాడు సైతము ఎరుగును. కాని గాజుపాత్రలోని మూగజీవము దగ్గరకు వచ్చుసరికి లోకము ఆ భేదమును మరచుచున్నది. నగను ఉంచినట్లు ప్రాణిని ఉంచి, పెంచుచున్నామని చెప్పుకొనుట పరిపాటి యైనది. ఈ మాట మేము ముఖ్యముగా తాబేటి పిల్లలను గూర్చి వ్రాయుచున్నాము.

నేడు మన పట్టణములలో అలంకారపు చేపల నమ్ము దుకాణమునకు పోయి చూచినచో, ఒక మూల చిన్న తొట్టిలో రూపాయి బిళ్ళకంటె కొంచెము పెద్దవిగా, పచ్చని డిప్పలతో, కన్నుల వెనుక ఎఱ్ఱని చారలతో పదుల కొలది పిల్లలు ఒకదానిపై నొకటి ఎక్కుచు కనబడును. పుట్టినరోజు కానుకగా కొందరు, పరీక్షలో నెగ్గిన తమ్మునికి బహుమానముగా కొందరు, ఇంట తాబేలుండిన శుభమను నమ్మికతో మరికొందరు వీనిని కొనిపోవుదురు. వెంట ఒక ప్లాస్టిక్ గిన్నె, ఒక చిన్న డబ్బా ఎండు రొయ్యలు ఇచ్చి, "దీనికి ఏమియు అక్కరలేదు, అదే బ్రతుకును" అని దుకాణదారుడు చెప్పును. ఆ ఒక్క మాటతోనే ఆ జీవి కష్టములు ప్రారంభమగును. మా తరగతులలోని విద్యార్థులు కొందరు "సార్, మా యింటికి తాబేటి పిల్ల వచ్చినది, ఏమి పెట్టవలెను?" అని అడుగుచుండుట కలదు. తెలుగు చెప్పువారికి తాబేటి పోషణతో నేమి పని యని నవ్వువారు నవ్వవచ్చును. మాటకు అర్థము చెప్పుట మా వృత్తి. 'పెంపకము' అను మాటకు అర్థము చెప్పుటయు ఆ వృత్తిలోని భాగమే యని మా అభిప్రాయము.

మొట్టమొదట చేయవలసినది, వచ్చిన అతిథి ఎవరో తెలిసికొనుట. గుండ్రని గుమ్మటము వంటి నల్లని డిప్పపై పసుపుపచ్చని గీతలు నక్షత్రముల వలె విరిసి యున్నచో అది మన నక్షత్ర తాబేలు. రాయలసీమలోని చిట్టడవులు, ముండ్లపొదలు గల మెట్ట భూములు దాని స్వస్థలములు. అది నేలపై తిరుగు జీవి, ఈత ఎరుగదు. తాబేలన్నంత మాత్రమున నీటిలో వేసినచో మునిగి చచ్చును. దానిని ఇంట నుంచుకొనుట చట్టరీత్యా నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో జరిగిన సవరణ తరువాత నక్షత్ర తాబేలు మొదటి పట్టికలో చేరినది. ఆ పట్టికలోని జీవుల విషయమున నేరము ఋజువైనచో మూడు సంవత్సరముల నుండి ఏడు సంవత్సరముల వరకు చెరసాల కలదు. 2019లో అంతర్జాతీయ ఒప్పందము క్రిందను దానికి అత్యున్నత రక్షణ లభించినది. మన చెరువులలోని దేశవాళీ తాబేళ్ళలో పెక్కింటికి ఇట్టి రక్షణయే కలదు. కావున ఎవరైనను చాటుగా తెచ్చి ఇచ్చినను స్వీకరింపరాదు. ఇదివరకే వచ్చి యున్నచో అటవీశాఖ వారికి అప్పగింపవలెను. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మ క్షేత్రమున నక్షత్ర తాబేళ్ళు ఆలయ ప్రాంగణమున తిరుగుచుండుట ప్రసిద్ధము. అది ఆ క్షేత్ర సంప్రదాయము. దానిని చూచి ఇంటింట ఒక నక్షత్ర తాబేలును దాచుకొనుట తగదు.

ఇక బజారున అమ్ముడగు ఎఱ్ఱచారల పిల్ల మన దేశపుది కాదు. దాని పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. అమెరికాలోని మిసిసిపీ నదీ పరీవాహక ప్రాంతము దాని పుట్టిల్లు. అచట పెంపక క్షేత్రములలో కోళ్ళ వలె వీనిని పొదిగించి లోకమంతట అమ్మిరి. 1989 నుండి 1997 వరకు ఆ యొక్క దేశము నుండియే అయిదు కోట్లకు పైగా ఎగుమతి యైనవి. 1997లో ఐరోపా సమాజము వీని దిగుమతిని నిషేధించినది. అట్టి దూరదేశపు జీవి మన యింటి మేజాబల్లపైకి వచ్చి చేరినది. అది తాను కోరి వచ్చినది కాదు. అందుచేతనే దానిపట్ల మన బాధ్యత మరింత హెచ్చు.

క్రొత్తగా వచ్చిన పిల్లను మొదటి వారము కదలింపకుండుట ఉత్తమము. గ్రుడ్డులోని పచ్చసొన శేషము కొన్నాళ్ళు దాని పొట్టలోనే యుండి ఆహారమగును. ప్రయాణపు బెదురు కూడ తోడగుటచే తొలి దినములలో అది ఏమియు తినకపోవచ్చును. తినలేదని నోరు తెరచి కుక్కరాదు. ఇరుగుపొరుగు పిల్లలందరు చేతుల మీదుగా త్రిప్పరాదు. మనకది ఆట; దానికి ఆ చేయి ఆకాశము నుండి దిగిన గ్రద్ద. రెండింటిని కొన్నచో ఒకటి మగది, రెండవది ఆడుది యని దుకాణమువారు చెప్పుట కలదు. ఆ వయస్సున చూచి చెప్పుట సాధ్యము కాదు. గ్రుడ్డు పొదుగు కాలమునందలి వేడిమిని బట్టి వీని లింగము నిర్ణయమగును. చల్లదనమున మగవి, వేడిమిన ఆడువి పుట్టును. పైగా రెంటిని ఒకే తొట్టిలో నుంచినచో బలమైనది బలహీనమైన దాని తోకను, కాళ్ళను కొరుకును, ఆహారమును లాగుకొనును.

తొట్టి విశాలముగా నుండవలెను. డిప్ప పొడవు అంగుళమునకు సుమారు నలుబది లీటర్ల చొప్పున నీరుండవలెనని అనుభవజ్ఞుల లెక్క. నీటి లోతు డిప్ప వెడల్పుకంటె హెచ్చుగా నుండవలెను. లేనిచో వెల్లకిల పడిన పిల్ల తిరుగబడలేదు. నీటి నుండి సులభముగా ఎక్కి పూర్తిగా ఆరుటకు ఒక మెట్టయో రాయియో తప్పనిసరి. కుళాయి నీటిని ఒక దినము నిలువయుంచి వాడుట మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైనవి వెలుగు, వేడిమి. తాబేలు శీతరక్త జీవి; తన వేడిమిని తాను పుట్టించుకొనలేదు. పిల్లకు నీరు 26 మొదలు 28 డిగ్రీల వరకు, ఆరబెట్టుకొను తావు 32 డిగ్రీల ప్రాంతమున నుండవలెను. మన తెలంగాణమున డిసెంబరు రాత్రులు చలి ముదిరినప్పుడు నీరు చల్లబడి, పిల్ల తినుట మాని ముడుచుకొని కూర్చుండును. "నిద్రపోవుచున్నది" అని ఇంటివారు మురియుదురు. అది చలికి కొయ్యబారుట గాని హాయియైన నిద్ర కాదు. వేసవిలో ఇందుకు విపరీతము జరుగును. ఎండ తగులనిమ్మని గాజుతొట్టిని మేడమీద పెట్టినచో స్వల్పకాలములోనే నీరు ఉడుకెత్తి పిల్ల ప్రాణము తీయును. సగము నీడ, సగము ఎండ ఉన్న తావున, మనము దగ్గర కూర్చుండి, ఉదయపు ఎండ చూపవలెను.

ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మమునకు తగిలినప్పుడే దాని దేహమున విటమిన్ డి తయారగును. అది లేనిదే తిన్న సున్నపు సత్తువ ఎముకకు పట్టదు. తాబేటి డిప్ప అనగా మన ఇంటి పైకప్పు వంటి నిర్జీవ వస్తువు కాదు. వెన్నెముక, ప్రక్కటెముకలు కలిసి విస్తరించిన సజీవమైన ఎముక అది. దానికి స్పర్శ కూడ కలదు. ఈ కిరణములు కిటికీ అద్దము గుండ రావు. కావున కిటికీ ప్రక్కన పెట్టితిమి గదా యని తృప్తి పడుట భ్రమ. ఎండ లేని ఇంటిలో అందుకై ప్రత్యేకముగా చేసిన దీపమును అమర్చవలెను. ఆ దీపము వెలుగుచునే యున్నను కొన్ని నెలలకు దానిలోని ఆ కిరణముల శక్తి సన్నగిల్లును; కాలానుసారము మార్చవలెను. పసిపిల్ల డిప్ప కొంత మెత్తగా నుండుట సహజము. నెలలు గడచిన కొలది గట్టిపడవలసినది పోయి మరింత మెత్తనై వంకరలు పోయినచో అది రోగమని తెలియవలెను. డిప్పపై రంగులు వేయుట, మెరుగు నూనెలు పూయుట క్రూరకృత్యములు.

ఆహారము మాటకు వత్తుము. ఎండు రొయ్యల డబ్బా మాత్రమే దాని భోజనమనుకొనుట బిడ్డను అప్పడములతో పెంచుట వంటిది. అవి రుచికి చాలును, పుష్టికి చాలవు. విటమిన్ ఏ లోపించినప్పుడు కన్నులు వాచి మూసికొనిపోవును. కనబడక తినదు, తినక క్షీణించును. తాబేళ్ళకై తయారైన గుళికలు, వానపాముల ముక్కలు, చిన్న చేపలు, అజొల్లా వంటి నీటి మొక్కలు కలిపి మార్చి మార్చి పెట్టవలెను. పాలకూర ఒక్కటే నిత్యము పెట్టరాదు. అందలి ఆమ్లము సున్నపు సత్తువను దేహమున కందనీయదు. అన్నము, రొట్టె, పాలు దాని ఆహారములు కావు. దాని తల యంత పరిమాణము రోజునకు ఒకసారి పెట్టిన చాలును. పెరిగిన కొలది మాంసము తగ్గించి ఆకులు హెచ్చింపవలెను. ఈ జాతి నీటిలో నున్నప్పుడే మ్రింగగలదు గాన ఆహారమును నీటిలోనే వేయవలెను.

ఇంటివారి క్షేమమును గూర్చి ఒక మాట. తాబేళ్ళు ఆరోగ్యముగా కనబడుచునే సాల్మొనెల్లా యను సూక్ష్మజీవులను మోయుచుండును. చిన్నపిల్లలు వీనిని నోట పెట్టుకొని జబ్బుపడుచుండుటచే 1975లో అమెరికా ప్రభుత్వము నాలుగంగుళములకు తక్కువ డిప్ప గల తాబేళ్ళ అమ్మకమును నిషేధించినది. పుట్టిన దేశముననే అమ్మరాదన్న పసికూనలను మన పసిబిడ్డల చేతులలో పెట్టుచున్నామని గ్రహింపవలెను. అయిదేండ్లలోపు పిల్లలు, వృద్ధులు, గర్భిణులు తాకకుండుట మంచిది. తాకిన ప్రతివారును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తొట్టిని వంటింటి తూములో కడుగరాదు.

ఇన్ని నియమములు విన్నవారు రెండు ఆక్షేపణలు తెచ్చుట కలదు. మొదటిది: "మా తాతల నాడు బావిలో తాబేలును వదలెడివారు. దానికి దీపము పెట్టినవారెవరు? అది బ్రతుకలేదా?" బ్రతికినది, నిజమే. కాని అది ఈ నేలపై పుట్టి ఈ ఋతువుల కలవాటు పడిన జీవి. బావిలో లోతైన నీరు, పురుగు పుట్ర, పైనుండి ఎండ కలవు. ఏరీతి చూచినను అది పరదేశపు పసికూన కాదు, జానెడు గిన్నె దాని లోకము కాదు. ఆ పోలిక నిలువదు.

రెండవది: "మనుష్యులకే తిండి లేని దేశమున తాబేటికి ఇంత ఖర్చా?" ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. ఫీజు కట్టలేక చదువు మానుకొను పిల్లలను మేము ఎరుగుదుము. కాని ఈ ప్రశ్న అడుగవలసిన సమయము కొనకముందు. ఖర్చు భరింపలేనివాడు కొనకుండుట వివేకము. అందు అగౌరవమేమియు లేదు. కొని తెచ్చి, తరువాత పేదరికము పేరు చెప్పి మాడ్చుట వివేకమును కాదు, దయయు కాదు.

మమ్ము కలవరపరచు విషయము మరొకటి కలదు. పిల్లికి ఆకలియైనచో అరచును. కుక్కకు బాధ కలిగినచో మూలుగును. తాబేలు అరవదు. దాని దేహధర్మము నిదానము. కొద్దిపాటి తిండితో, చల్లని మురికి నీటిలో, వెలుగు లేక అది వారములు, నెలలు నిలుచును. ఆ నిలుచుటను చూచి ఇంటివారు 'సుఖముగా నున్నది' అనుకొందురు. ఒక ఉదయమున కదలకుండుట చూచి 'నిన్నటిదాక బాగానే యున్నదే' అని ఆశ్చర్యపడుదురు. అది నిన్న చనిపోలేదు; వచ్చిననాటి నుండి దినదినము చనిపోవుచునే యున్నది. ఓర్పు గొప్ప గుణమని తాబేలును చూపి పిల్లలకు కథలు చెప్పుదుము. ఆ ఓర్పే దానికి శత్రువగుచున్నది. మొరపెట్టుకొనలేని వాని బాధ కనబడదు గాన లేదనుకొనుట, తాబేటి విషయముననే గాదు, మనుష్యుల విషయమునను లోకము చేయు అన్యాయమే. గాజుతొట్టి ముందు దానిని గుర్తించుట నేర్చిన విద్యార్థి రేపు ఆసుపత్రిలోను, కచేరీలోను, తన యింటిలోను గుర్తింపగలడని మా నమ్మకము.

బ్రతికి బట్టకట్టిన పిల్ల కథ మరొక మలుపు తిరుగును. ఆ రూపాయి బిళ్ళ కొన్ని సంవత్సరములలో అన్నపు పళ్ళెమంత యగును. ఆడుది పది పన్నెండు అంగుళముల వరకు పెరుగును. సంరక్షణ బాగుగా నున్నచో ఇరువది ముప్పది సంవత్సరములు జీవించును. గిన్నె చాలదు, తొట్టి చాలదు, వాసన హెచ్చగును. అప్పుడు ఇంటి పెద్దకు సమీపమందలి చెరువు జ్ఞాపకము వచ్చును. "దానికి స్వేచ్ఛ ప్రసాదించితిమి" అని దానిని వదలి, పుణ్యము గట్టుకొన్నట్లు మరలి వచ్చును. ఇది దయ వేషమున చేయు అపచారము. ఈ జాతి ఏ వాతావరణమునకైనను అలవాటు పడి, మన తాబేళ్ళ తిండిని, అవి ఎండ కాచుకొను తావులను ఆక్రమించును. క్రొత్త రోగములను తెచ్చును. 2000 సంవత్సరమున ప్రకటితమైన నూరు దుష్ట దురాక్రమణ జాతుల పట్టికలో దీని పేరు కలదు. 2018లో గౌహతిలోని ఉగ్రతార ఆలయపు కోనేటిలో ఈ పరదేశపు తాబేళ్ళు కనబడినవి. వానిని తెచ్చి వదలినవారు మనుష్యులే. మన కాకతీయుల నాటి చెరువులకు, కుతుబ్‌షాహీల నాటి చెరువులకు ఇప్పటికే కబ్జాల బాధ చాలియున్నది. ఈ క్రొత్త ఆక్రమణను కూడ మన చేతులతో తెచ్చి పెట్టనేల? ఇంట పెట్టుకొనలేనివారు దానిని మరొక శ్రద్ధగల పెంపకదారునికో, జంతుసంరక్షణ సంస్థకో అప్పగింపవలెను గాని నీటిలో విడువరాదు.

తాబేటి ఆయుష్షు ఎంతటిదో హైదరాబాదు వారికి వేరుగ చెప్పనక్కరలేదు. మన నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో ఏర్పడినప్పుడు బాగే ఆమ్ నుండి తరలి వచ్చిన గాలపాగస్ జాతి పెద్ద తాబేలు 2024 మార్చిలో, నూట ఇరువది యైదేండ్ల వయస్సున, కన్నుమూసినదని అధికారులు ప్రకటించిరి. ఎందరు కాపరులు ఉద్యోగములో చేరి, వృద్ధులై విరమించిరో, ఒకరి చేతి నుండి మరొకరి చేతికి ఆ ప్రాణి అట్లే అందుచు వచ్చినది. మన ఉర్దూ మాట్లాడు ఇండ్లలోను, తెలుగు మాట్లాడు ఇండ్లలోను సమానముగా వినబడు మాట ఒకటి కలదు: అమానతు. అమానతు అనగా మనది కానిది, మన దగ్గర భద్రముగా నుంచబడినది, అడిగిననాడు చెడకుండ అప్పగింపవలసినది. బ్యాంకులో పైకముకు ఆ మాట వాడుచున్నాము. ప్రాణమునకు మరి యెక్కువగా వర్తించును.

ఈ సందర్భమున మేము విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు కొన్ని సూచనలు వినయపూర్వకముగా సమర్పించుచున్నాము. పోటీలలో, వార్షికోత్సవములలో, స్నేహితుల పుట్టినరోజులలో సజీవ ప్రాణులను బహుమానముగా ఇచ్చు అలవాటును మన కళాశాలలో మానుదము. పుస్తకమును మించిన కానుక లేదు. జంతుశాస్త్ర శాఖ వారు సంవత్సరమున ఒక గంట కేటాయించి, ఏ తాబేలు చట్టరక్షితమో, ఏది పరదేశపుదో గుర్తించు విధమును అన్ని తరగతుల వారికి బోధింపవలెను. ఇప్పటికే తాబేలు గల విద్యార్థులు ఒక జట్టుగా ఏర్పడి, దీపము, ఉష్ణమాపకము వంటి పరికరముల విషయమున ఒకరికొకరు సాయపడవలెను. సెలవులలో ఊరికి పోవువాని తాబేలును మరొకరు చూచుకొనవలెను. తాబేలును పెంచలేకపోవుచున్నానని చెప్పుకొని వచ్చిన విద్యార్థిని ఎవరును ఎగతాళి చేయరాదు. ఎగతాళికి జడిసినవాడే రాత్రివేళ చెరువుగట్టునకు పోవును.

విద్యార్థులారా, ఇంతయు చదివిన పిమ్మట మీలో నూరుగురు తాబేటి పిల్లను కొనకుండ మానుకొన్నచో మాకు సంతోషము. ఇదివరకే ఇంటనున్న ఒక్క పిల్లకు ఎండ పొడ, వెచ్చని నీరు, సరియైన తిండి లభించినచో అంతకంటె సంతోషము. నేటి సాయంకాలము ఇంటికి పోయి ఆ తొట్టిని ఒకసారి చూడుడు: నీరు వెచ్చగా నున్నదా, ఆరుటకు మెట్ట కలదా, దాని కన్నులు తేటగా తెరచియున్నవా? ఈ మూడు ప్రశ్నలతో పెంపకము మొదలగును. తరువాతి ముప్పది సంవత్సరములు మీ చేతిలో నున్నవి.